గాడి తప్పని వడ్రంగం

విశాఖ అంటే ఓడలు. విశాఖ అంటే ఉక్కు. బీచ్ రోడ్డు, కైలాసగిరి సరేసరి. కానీ ఇంగ్లండులో పురాతన వస్తువులు వేలం వేసేవాళ్లను అడిగితే విశాఖ అంటే కుర్చీలు, రాతపెట్టెలు అంటారు! ‘విజగపటం’ అన్న మాట అక్కడ ఊరి పేరుగా కన్నా ఒక పనితనం పేరుగానే ఎక్కువ చలామణి. ఏనుగు దంతం పొదిగిన, దంతపు రేకులు తాపిన కర్ర సామానుకు అదే చిరునామా.

ఈ కథ వన్ టౌన్‌లో మొదలవుతుంది. కురుపాం మార్కెట్, కోటవీధి, పాత పోస్టాఫీసు... ఇప్పటి విశాఖ పుట్టింది ఆ సందుల్లోనే. 17వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. దొరలకు బల్లలు కావాలి, కుర్చీలు కావాలి, సొరుగులున్న బీరువాలు కావాలి. సీమ నుంచి తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది. మన వడ్రంగులకు నమూనా చూపిస్తే చాలు, చేసిచ్చేవారు. టేకు, జిట్రేగి, నల్లచేవ కర్రలకు కొదవ లేదు. సముద్రానికి అటువైపు బర్మా నుంచి దంతం వచ్చేది. ఆకారం విలాయతీది. దాని మీద పాకే తీగలు, పూలు మాత్రం అచ్చం మన కోస్తా అద్దకపు బట్టల మీదవే. 1756లో ఇక్కడికొచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ ఊరి పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాసిపెట్టాడు.

ఆ పనికి ప్రాణం ఏమిటంటే... గాడి! కర్ర మీద పువ్వు గీసి, ఆ గీత లోపల ఉలితో తొలిచి, దంతపు ముక్కను అందులో కూర్చోబెట్టాలి. గాడి ఓ వెంట్రుకవాసి వెడల్పయితే ముక్క చుట్టూ సందు కనిపిస్తుంది. ఇరుకైతే సుత్తి దెబ్బకు దంతం చిట్లుతుంది. లోతు ఎక్కువైతే ముక్క మునుగుతుంది, తక్కువైతే చేతికి తగులుతుంది. అమర్చిన దంతం మీద మళ్లీ సన్నని గీతలు చెక్కి నల్ల లక్క నింపేవారు. దూరం నుంచి చూస్తే కలంతో గీసినట్టే ఉంటుంది.

తర్వాత్తర్వాత పొదగడం కన్నా కర్రంతా కప్పేలా దంతపు రేకులు తాపడం ఎక్కువైంది. మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 దాకా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర అలాంటి కుర్చీలు ఉండేవి. 1781లో ఆయన సామాను వేలానికి వస్తే సాక్షాత్తూ మూడో జార్జి రాజే కొని రాణి షార్లెట్‌కు ఇచ్చాడు. అవి నేటికీ బ్రిటన్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ సామాను ఉంది. చేసిన చేతుల పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా లేవు. కొన్నవాడి పేరుంది, అమ్మినవాడి పేరుంది!

20వ శతాబ్దంలో ఆ పని క్షీణించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో వచ్చిన సవరణలతో మనదేశంలో దంతం వ్యాపారమే నేరమైంది. ఏనుగుల ప్రాణం ముందు ఏ కళ అయినా దిగదుడుపే కనుక దానికి చింతించనక్కర్లేదు. పోయినందుకు బాధపడాల్సింది దంతం గురించి కాదు, వెంట్రుకవాసి తేడా రానివ్వని ఆ చేతి లెక్క గురించి.

ఉలి పోయి కట్టరొచ్చె

గాజువాక నుంచి మధురవాడ దాకా లేచిన అపార్ట్‌మెంట్లలో వార్డ్‌రోబులు, వంటింటి అరలు, టీవీ యూనిట్లు... వీటన్నిటికీ గాడి కావాల్సిందే. బీరువా వెనక పలక, సొరుగు అడుగు చెక్క గాడిలో కూర్చుంటేనే గట్టిగా నిలుస్తాయి. మేకులు కొట్టి వదిలేస్తే రెండు వానాకాలాలు గడిచేసరికి పలక ఉబ్బి ఊడొస్తుంది. విశాఖలో ఏడాదంతా గాలిలో తేమే కదా!

ఇప్పుడీ పని చేసేది రౌటర్ మెషిన్. దానికి బిగించే స్లాట్ కట్టర్ చూడ్డానికి చిన్న గుండ్రటి రంపంలా ఉంటుంది. రెండో మూడో నాలుగో పళ్లు, కింద ఓ బేరింగు. చెక్క అంచును ఆనుకుని బేరింగు దొర్లుతుంటే పళ్లు పక్క నుంచి గాడి తీస్తాయి. పలక నడిమధ్య గాడి కావాలంటే ఇది పనికిరాదు, నిటారు బిట్టు వాడాల్సిందే.

కొనేటప్పుడు వడ్రంగులు తడబడేది వెడల్పు దగ్గరే. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని కొన్నది చాలాసార్లు అంతకన్నా పలచగా ఉంటుంది. అందుకే ముందు పలకను వెర్నియర్‌తో కొలిచి, తర్వాత కట్టర్ ఎంచుకోవాలి. రెండు పలుచని కట్టర్లను ఒకే ఇరుసు మీద పేర్చి, మధ్యలో సన్నని వాషర్లతో వెడల్పు సర్దుకునే సెట్లూ ఉన్నాయి. గాడి వెడల్పు చెక్క మందంలో మూడో వంతు మించకూడదన్నది పాతకాలం నుంచీ ఉన్న లెక్క. అంటే 18 మిల్లీమీటర్ల చెక్కకు 6 చాలు. లోతును నిర్ణయించేది బేరింగే. కట్టర్ వ్యాసం 48, బేరింగు వ్యాసం 22 అయితే తేడా 26. అందులో సగం, 13 మిల్లీమీటర్ల లోతు పడుతుంది. తక్కువ లోతు కావాలంటే పెద్ద బేరింగు మార్చుకోవాలి.

కాడ సంగతి మరీ ముఖ్యం. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ సైజు మెషిన్‌లో 6 మిల్లీమీటర్ల కాడ పెడితే పట్టు చాలదు, తిరుగుతూ తిరుగుతూ జారొచ్చు. నిమిషానికి వేల చుట్లు తిరిగే పళ్లు చేతి మీదకొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొన్ని చిన్న ట్రిమ్మర్లు ఒకే వేగంతో, దాదాపు 30 వేల చుట్లు తిరుగుతాయి. పెద్ద స్లాట్ కట్టర్‌ను వాటికి తగిలించకూడదు. కట్టర్ మీద రాసిన గరిష్ఠ వేగానికి లోబడి, వేగం తగ్గించగల రౌటర్‌నే వాడాలి.

ఇక్కడో చమత్కారం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని సాధించుకున్న నగరంలో వడ్రంగి చేతిలోని కట్టర్‌కు మాత్రం ఉక్కు పళ్లు చాలవు! విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది ఎక్కువగా ఇళ్లకూ వంతెనలకూ వాడే కడ్డీలు, తీగ చుట్టలు, దూలాలు. ప్లైవుడ్‌లోని జిగురు మామూలు ఉక్కు అంచును చూస్తుండగానే మొద్దుబారుస్తుంది. కాబట్టి టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్లున్నదే కొనాలి. మొండి కట్టర్ గాడిని కోయదు, కాలుస్తుంది. గాడి గోడలు నల్లబడ్డాయంటే కట్టర్ మొండిదైనా అయ్యుండాలి, నెమ్మదిగా తోసైనా ఉండాలి.

టేకు తలుపుల సంగతి వేరు. ప్లైవుడ్‌లా కాకుండా అసలు కర్ర వానల్లో అడ్డంగా ఉబ్బి, ఎండల్లో కుంచించుకుపోతుంది. అందుకే తలుపు పలకను గాడిలో జిగురు పెట్టకుండా, కాస్త ఖాళీ వదిలి నిలబెడతారు. ఆ ఖాళీ వదలని తలుపు పగులుతుంది, లేదా చట్రాన్నే విడదీస్తుంది. సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకునేవారు పాలిష్ రంగు అడిగే ముందు ఈ సంగతి అడగడం మేలు.

పాత విశాఖ లక్క, కర్రల జోడీ ఇంకా బతికున్న చోటు చూడాలంటే జాతీయ రహదారి మీద ఎలమంచిలి దాటి ఏటికొప్పాక వెళ్లాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మెత్తని అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి బొమ్మకు నడుము, మెడ తీస్తారు. లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి, ఉలి తీసిన గాళ్లలోకి పాకుతుంది. ఆఖరున మొగలి ఆకుతో రుద్దుతారు. అద్దంలా మెరుస్తుంది.