పెరటి డబ్బులు

సీతాఫలాలు కిలో ఎంతో అడిగి, విని, మెల్లిగా పక్క కొట్టు వైపు నడిచిపోవడం మీకూ అలవాటే అయ్యుంటుంది. పనసతొనలైతే మరీనూ! ఎనిమిదో పదో లెక్కపెట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత మీద ధర అంటించి మరీ అమ్ముతున్నారు. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, కాస్త ఉక్రోషమూ వస్తుంది. మా చిన్నప్పుడు ఇంట్లో పనసపండు కోస్తే వీధిలో పదిళ్ళకి గిన్నెలు వెళ్ళేవి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, వచ్చేటప్పుడు అందులో నాలుగు వడియాలో, గుప్పెడు మరమరాలో వుండేవి.

మాది కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో ఓ పల్లెటూరు. ఇల్లు చిన్నదే. ముందు అరుగు, రెండు గదులు, వంటిల్లు, అంతే. పెరడు మాత్రం ఇంటికి మూడింతలు. నూతి పక్కనే చక్కెరకేళీ అరటి నాలుగు, కూరకి బొంత అరటి రెండు. మా స్నానాల నీళ్ళన్నీ వాటికే పోయేవి. అవి దాటితే జామచెట్టు. దాని వంకర కొమ్మ మీద కూర్చునే మేం ముగ్గురం ఎక్కాలు బట్టీ పట్టాం. గోడవారగా సీతాఫలం, రామాఫలం, ఓ మూల వెలగచెట్టు. వినాయకచవితికి పాలవెల్లికి కట్టే కాయలు డబ్బిచ్చి కొంటారని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది! మామిడి రెండు - ఆవకాయకి కొత్తపల్లి కొబ్బరి, జుర్రుకోవడానికి చిన్నరసం. పనసచెట్లూ రెండే. ఒకటి పొట్టుకి, ఒకటి పళ్ళకి.

అన్నయ్య ఓసారి ఏదో పుస్తకంలో చదువుకొచ్చి, జామ, సీతాఫలం, సపోటా, బొప్పాయి, జీడిమామిడి ఇవేవీ మన దేశంవి కావని, అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చాయని చెప్పాడు. మా మామ్మ ఒప్పుకుంటేనా? "సీతమ్మవారి పేరు పెట్టుకున్న పండు అమెరికాదేమిట్రా, నీ మొహం!" అని గదిమింది. అన్నయ్య చెప్పింది నిజమేనని ఆవిడకి చివరిదాకా మేం నచ్చచెప్పలేకపోయాం.

అసలు చెప్పాలనుకున్నది చెట్ల గురించి కాదు, వాటి మీద వచ్చిన డబ్బుల గురించి.

నాన్నగారు పక్కూరి బళ్ళో మేష్టారు. జీతం తెచ్చి మామ్మ చేతిలో పెట్టేవారు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో అంతే కదండీ. రిబ్బను కావాలన్నా, సబ్బుబిళ్ళ కావాలన్నా అమ్మ వెళ్ళి అత్తగారినే అడగాలి. మామ్మ గయ్యాళి కాదు గానీ, పైసా తీసే ముందు నాలుగు ప్రశ్నలు వేసేది. అయితే అమ్మ 1953లో కాపురానికొచ్చిన కొత్తలోనే ఒక మాట చెప్పిందట - "పెరట్లో కాయల మీద వచ్చేది కోడలిది. మా అత్తగారు నాకిచ్చింది, నేను నీకిస్తున్నా. దాని లెక్క నన్నడక్కు, నేనూ నిన్నడగను." ఎంత గొప్ప మాటో నాకు సంసారం మొదలుపెట్టాక గానీ అర్థం కాలేదు.

పళ్ళు కొనడానికి గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చేది. నేరుగా పెరటి గుమ్మం దగ్గరికొచ్చి "కోడలమ్మగోరూ!" అని కేకేసేది. వాళ్ళిద్దరి బేరం వినడానికి మేం చదువులు మానేసి వచ్చేవాళ్ళం. పనసపండు పక్వానికొచ్చిందో లేదో అమ్మ వేళ్ళతో కొట్టి చూసేది. మోత బోలుగా వినిపించి, ముళ్ళు కాస్త ఎడమయ్యి, దగ్గరికెళ్తే వాసనొస్తే కోతకి సిద్ధం. మామిడికాయలు ముచికతో కోయించి, ఎండుగడ్డి పరిచి మంచం కింద మాగేసేది. వారం రోజులు ఆ గదిలో పడుకుంటే కలలో కూడా మామిడిపళ్ళే!

ఇప్పుడు కార్బైడు పెట్టడం చట్టరీత్యా నిషేధమే అయినా ఆపనివాళ్ళు ఆపడం లేదు. అందుకే నేను కొంచెం దోరకాయలు తెచ్చి, గాలాడే అట్టపెట్టెలో కాగితాలు పరిచి, మధ్యలో ఒక మాగిన అరటిపండు పెడతాను. పండు మాగేటప్పుడు దాన్నుంచి వచ్చే ఇథిలీన్ వాయువే పక్కవాటినీ మాగనిస్తుంది. మీరూ చేసి చూడండి.

పనసపొట్టు మాటెత్తకుండా పోతే గోదావరి పిల్లని అనిపించుకోను. లేతకాయ కొట్టే ముందు కత్తికీ చేతులకీ నూనె రాయాలి, లేకపోతే బంక వదలదు. పొట్టుని పసుపు, ఉప్పు, కాస్త చింతపండు పులుసుతో ఉడకబెట్టి వార్చి, గట్టిగా పిండేయాలి. మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, దండిగా కరివేపాకు వేసి పోపు పెట్టి, పొట్టు కలిపి, దింపాక మాత్రమే ఆవముద్ద వేయాలి. పొయ్యి మీద వుండగా వేస్తే చేదెక్కుతుంది. పళ్ళలోని పిక్కలు పారేయకుండా నిప్పుల్లో కాల్చుకునేవాళ్ళం. వానాకాలం సాయంత్రాలు అవే మాకు చిరుతిళ్ళు.

సరే, 1973లోకి వెళ్దాం. నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. అన్నయ్య అప్పటికే బి.ఎస్సీ. చదువుతున్నాడు. నాన్నగారు భోజనాల దగ్గర నిదానంగానే చెప్పారు - "ఇద్దరి ఫీజులు కట్టే శక్తి నాకు లేదు. ఆడపిల్లని రోజూ బస్సెక్కించి అమలాపురం పంపడం కూడా నాకిష్టం లేదు. దానికి సంబంధాలు చూద్దాం." మామ్మ తలూపింది. అమ్మ ఏమీ అనలేదు. మజ్జిగ వడ్డించి లోపలికెళ్ళింది. నేను జామచెట్టు దగ్గరికెళ్ళి ఏడ్చాను.

మర్నాడు గంపావిడ వచ్చినప్పుడు చెట్టున మిగిలిన పనసపళ్ళు, చిన్నరసాలు మొత్తం ఒకేసారి బేరం చేసేసింది అమ్మ. ఆ ఏడు మేం తినడానికి కూడా వుంచలేదు. సాయంత్రం అటక మీంచి ఇత్తడి మరచెంబు దింపింది. అందులో అర్ధరూపాయలు, రూపాయి నోట్లు, ఒకటో రెండో పది నోట్లు. పరిచి లెక్కపెడితే 140 రూపాయల చిల్లర. నాన్నగారి ముందు పెట్టి, "దాని ఫీజు పెరడు కడుతుంది లెండి" అంది. అంతే! అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ అమ్మ ఆయనకి ఎదురు చెప్పగా నేను చూడలేదు. నాన్నగారు ఆ డబ్బుల వంక చాలాసేపు చూశారు. మామ్మ ఏదో అనబోయి, తనిచ్చిన మాట గుర్తొచ్చిందో ఏమో, ఊరుకుంది. వారం తిరక్కుండా నాన్నగారే వచ్చి నన్ను బస్సెక్కించారు. నేను డిగ్రీ చదివాను, పెళ్ళయ్యాక బి.ఎడ్. చేశాను, 26 ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుఫాను ఊడ్చేసింది. మీలో ఆ పక్కవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. విశాఖపట్నం నుంచి మేం ఊరు చేరేసరికి అయిదు రోజులు పట్టింది. మావాళ్ళు క్షేమంగానే వున్నారు. పెరట్లో మాత్రం మామిడి రెండూ, పళ్ళ పనసా వేళ్ళతో సహా పెకిలి పడున్నాయి. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "చూడవే, ఇంట్లోకి ఎంత వెలుగొచ్చేసిందో" అంది. నాకు దుఃఖం ఆగలేదు. ఆ చెట్ల నీడ వల్ల మా వంటింట్లో పట్టపగలే దీపం పెట్టుకునేవాళ్ళం మరి.

పడిపోయిన పనసమానుతో అమ్మ వడ్రంగి చేత మా ముగ్గురికీ మూడు పీటలు చేయించింది. పనస చెక్క పసుపుపచ్చగా, గట్టిగా వుంటుంది. బొబ్బిలి వీణలు చేసేది దాంతోనే.

తర్వాతి వేసవిలో గంపావిడ, అప్పటికి బాగా ముసలిదైపోయింది, కొబ్బరి చిప్పలో ఒక మొక్క పట్టుకొచ్చింది. ఎప్పుడో మా పండు తిని పిక్క వాళ్ళ గుడిసె పక్కన పాతిందట. ఆ చెట్టు పండు పిక్కే ఇది. "మీ చెట్టు మనవరాలే కోడలమ్మగోరూ" అంది. అప్పుడు అమ్మకి 59 ఏళ్ళు. కాపుకొచ్చేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది. పిక్క మొక్కకి తల్లి గుణం అచ్చంగా రాదు. తొన కాస్త చిన్నది, తీపీ తక్కువే. అమ్మ మాత్రం "అదే రుచి" అని తేల్చేసింది. మేమెవరం కాదనడానికి?

నాన్నగారు 2009లో పోయారు. రెండేళ్ళ క్రితం అన్నయ్య ఇల్లూ పెరడూ కలిపి అమ్మేద్దామన్నాడు. వాళ్ళబ్బాయి హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కోవాలి, అవసరమే, కాదనను. తాతగారి నాటి ఆస్తి కాబట్టి నా సంతకం కూడా కావాలన్నాడు లాయరు. 1985లో మన రాష్ట్రంలో ఆడపిల్లలకి వాటా ఇచ్చిన చట్టం అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే వర్తించింది. నా పెళ్ళి 1979లో అయింది. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ వల్ల నాకూ హక్కొచ్చింది. ఇలాంటి సంగతులు మనం తెలుసుకుని వుండాలండీ, దెబ్బలాటకి కాకపోయినా.

"ఇల్లూ, వీధి వైపు స్థలమూ మీరిద్దరూ తీసుకోండి. నూయీ, జామచెట్టూ, పనసచెట్టూ వున్న వెనక భాగం నా పేర రాయండి. అమ్మ వున్నంతకాలం ఇల్లు కదపకండి" అన్నాను. దారి లేని స్థలం, ధర సగం కూడా రాదు. మావారు "నీ ఇష్టం" అన్నారు గానీ, మా అబ్బాయి "ఏం చేసుకుంటావమ్మా?" అని నవ్వాడు. అన్నయ్య మూడు నెలలు ఫోను చేయలేదు. చివరికి వదినే సర్దిచెప్పింది. పోయినేడు రిజిస్ట్రేషను అయింది.

ఈ వేసవిలో తమ్ముడు విశాఖపట్నం వస్తూ అమ్మ ఇచ్చిందని ఓ కవరు తెచ్చాడు. లోపల 1,850 రూపాయలు. పనసపళ్ళ డబ్బులట. స్థలం నాది కాబట్టి డబ్బులూ నావేనట! 87 ఏళ్ళ మనిషి, నోట్లు ఇస్త్రీ చేసినట్టు సర్ది పంపింది.

ఇంకా ఖర్చు పెట్టలేదు. మా కోడలికిద్దామనుకుంటున్నాను. ఆ అమ్మాయి మంచి ఉద్యోగంలోనే వుంది, నాకొచ్చే పెన్షనుకి మూడింతలు జీతం. అయినా సరే, లెక్క అడగనని చెప్పి మరీ ఇస్తాను.