ఉప్పు లెక్క

ఫిబ్రవరి 9
నాన్నకి సోడియం 104. ఉండాల్సింది 135 పైన. బీపీ మాత్ర, వాంతులు, తిండి మానేసి జీలుగు కల్లు. కింద ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నన్ను చూసి "చింతపండు ఎత్తండే, సంతకి వేళవుతోంది" అంటున్నాడు. ఏ ఏటి సంతో.

ఫిబ్రవరి 10
తెల్లారేసరికి 124. కళ్లు తెరిచాడు, టీ అడిగాడు. అమ్మ అక్కడే గంగాలమ్మకి కోడిని మొక్కేసింది. ఒక్క రాత్రిలో 20. మరీ ఎక్కువేమో అన్నాను. "తేరుకున్నాడు కదా సిస్టర్, ఇంకేం కావాలి?" అన్నారు. నిజమే. ఇంకేం కావాలి...

ఫిబ్రవరి 13
మాట ముద్దగా వస్తోంది. నీళ్లు తాగితే పొలమారుతోంది. నిన్న తమ్ముణ్ణి తిట్టిన మనిషి.

ఫిబ్రవరి 14
కాకినాడ. న్యూరో డాక్టరు మొదట అడిగింది గంటలు. ఏ టైంకి 104? ఏ టైంకి 124? మా కాగితాల్లో ఒకదాని మీదే టైం ఉంది. ఫిట్స్ వస్తాయన్న భయం ఉంటే మొదటి నాలుగైదు పాయింట్లు గబగబా పెంచాల్సిందేనట. అక్కడ ఆగాలి.
ఎమ్మారైలో ఏమీ లేదు. మొదట్లో కనబడదు, రెండు వారాలకి మళ్లీ తీద్దామన్నారు. ఎక్కించిన సోడియంని ఇప్పుడు కొంత దించుతున్నారు. డెస్మోప్రెసిన్, డెక్స్‌ట్రోజ్. మాట పడిపోకముందు చేస్తే ఆశ ఎక్కువట. ఇప్పుడైతే?

ఫిబ్రవరి 17
కాళ్లూ చేతులూ కదలవు. నోరు లేదు. కళ్లు మాత్రం పైకీ కిందికీ.
"నాన్నా, నేనెవరో తెలిస్తే పైకి చూడు."
చూశాడు.
అయితే అన్నీ వింటున్నాడు. పొద్దున మంచం పక్కన నిలబడి మావయ్య అన్న మాట కూడా.

ఫిబ్రవరి 21
"కల్లు చేసిన పని." చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆయన ముందే అదే మాట. పుస్తకం తిరగేశాను. 1959లో ఆడమ్స్ అనే డాక్టరూ తోటివాళ్లూ ఈ జబ్బుని మొదట రాసినప్పుడూ రోగులు తాగుడువాళ్లు, తిండి లేనివాళ్లు. డాక్టర్లూ తాగుడునీ తిండిలేమినీ అనుమానించారు. ఉప్పు వేగంగా పెంచడం మీదికి చూపు మళ్లేసరికి ఇరవై ఏళ్ల దాకా పట్టింది.
తాగే ఒంటికి, తిండి లేని ఒంటికి ఇంకా నెమ్మదిగా ఎక్కించాలట. రోజుకి 8 దాటకూడదు. కల్లు తాగాడని తెలిసినప్పుడు చెయ్యాల్సింది అదీ. మావయ్యకి ఎవరు చెప్తారు?

ఫిబ్రవరి 28
రెండో ఎమ్మారై. మెదడు కాండంలో పాన్స్ అనే భాగం, దాని మధ్యలో తెల్లమచ్చ. నరాల మీది మైలిన్ పొర ఊడిన చోటు. దాన్ని మళ్లీ కప్పే మందు లేదు. ప్లాస్మా మార్పిడి చేస్తే కొందరు కోలుకున్నారట. చెయ్యకపోయినా కోలుకునేవాళ్లేనేమో, ఎవరు చూశారు?
అమ్మకి "తొందరగా ఎక్కించేశారు" అని మాత్రం చెప్పాను.
"పచ్చి అడ్డాకుని మంట మీద ఆరబెట్టినట్టా?"
అవునన్నాను.

మార్చి 8
రెండేసి గంటలకి పక్క తిప్పడం. ముక్కు గొట్టంలో పాలు, జావ. వీపు తట్టి కఫం తీయడం. ఫిజియో వచ్చి కీళ్లు వంచి వెళ్తాడు. వైద్యమంటే ఇప్పుడిదే. తమ్ముడు నాకంటే మెత్తగా తిప్పుతాడు. ఇంటి దగ్గర జీడిపిక్కలు ఏరే దిక్కు లేదు.

మార్చి 19
కుడి బొటనవేలు కదిలిందంది అమ్మ. నేను వెళ్లి చూస్తే లేదు. అమ్మ అబద్ధం చెప్పదు. నా కోసమైతే?

మార్చి 22
కదిలింది. చూశాను.

ఏప్రిల్ 6
గొట్టం తీశారు. చెంచాతో చిక్కటి జావ. నీళ్లలాంటి పలచటివి ఇంకా వద్దు. మధ్యాహ్నం అమ్మని "జరుగు" అన్నాడు. విసుగ్గా. అమ్మ వరండాలోకి వెళ్లి ఏడ్చింది.

ఏప్రిల్ 24
అడ్డతీగల. ఊళ్లో మామిడి పండగ. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నాడు. ఒక్కో మాటా వచ్చేదాకా ఆగాలి. మావయ్య ఆగలేక మాట తనే పూర్తిచేస్తాడు, అదీ తప్పుగా. నాన్న కళ్లు మూసుకుంటాడు. పూర్తిగా బాగవుతాడా అంటే "కొందరవుతారు, నెలలు పడుతుంది" అన్నారు. ఆ బీపీ మాత్ర మార్చారు. సోడియం 137.

మే 11
రాత్రి డ్యూటీ. కొండ మీంచి ఒకాయన్ని మోసుకొచ్చారు. వాంతులు, మగత. కల్లు. అమ్మ ఇంట్లో పారేసిన ఆ మాత్రల అట్టే ఆయన జేబులోనూ. 108 రప్పించి కిందికి రిఫర్ చేశాం. డాక్టరు గారిని అడిగి, స్లిప్పు అడుగున ఎర్ర పెన్నుతో రాశాను:
"సోడియం చూడండి. తక్కువుంటే 24 గంటల్లో 8కి మించి పెంచొద్దు. దాటితే వెంటనే దించండి. ప్రతి రిపోర్టు మీదా టైం వెయ్యండి."