మా ఇంటి పిల్లి, మూడు హక్కులు

ఒకే కప్పు కింద నివసించే ఇద్దరిలో ఒకరికి ప్రాణప్రదమైనది మరొకరి అనారోగ్యానికి కారణమైతే ఏం చేయాలి? మద్రసాలో పాఠం ముగిశాక ఆగి మాట్లాడే దంపతులు ఈ ప్రశ్నను అనేక రూపాల్లో అడుగుతూ ఉంటారు. ఒకరికి ఊదుబత్తి పొగ పడదు, మరొకరికి అది లేనిదే శుక్రవారం శుక్రవారంలా ఉండదు. ఒకరికి అత్తరు ఇష్టం, ఆ వాసనకే మరొకరికి తలనొప్పి. మా ఇంట్లోకి ఈ ప్రశ్న నాలుగు కాళ్లతో, చారల తోకతో నడిచి వచ్చింది.

ఆ పిల్లి పేరు చాందీ. అది మా అత్తగారి పిల్లి. ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్న తర్వాత ఆ ఇంటికి తాళం పడింది. అయినా చాందీ ఆ గడప విడిచి కదలలేదు. నా శ్రీమతి దానిని ఒడిలో పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది. తల్లిని గురించి ఆమె నోరు విప్పి ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. కాని సాయంత్రం వేళ వంటగది గుమ్మంలో కూర్చుని, ఆ పిల్లి వీపు నిమురుతూ, "అమ్మీ నీకు ఈపాటికి చేప ముక్క వేసేది కదూ" అనడం నేను విన్నాను. ఆ మాట విన్నవాడికి అది కేవలం పిల్లి అని అనిపించదు.

విద్యార్థి దశ నుండీ పాత గ్రంథాల దుమ్ము నాకు పడదు. చాందీ వచ్చిన కొద్ది రోజులకే ఫజ్ర్ వేళకు తుమ్ములు, కళ్ల దురద మొదలయ్యాయి. పిమ్మట రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూత వినిపించసాగింది. మన తెలుగులో ఉబ్బసపు శబ్దానికి ఆ పేరే ఎందుకు పెట్టారోగాని, నా విషయంలో అది అక్షరాలా సరిపోయింది. వైద్యుడు చర్మంపై చిన్న చుక్కలు వేసి, సూదితో గీటి పరీక్షించారు. పిల్లికి సంబంధించిన చుక్క దగ్గర దద్దురు లేచింది.

చాలామంది అనుకున్నట్లు దోషం పిల్లి వెంట్రుకలది కాదట. దాని లాలాజలంలోనూ, చర్మపు గ్రంథుల్లోనూ ఉండే ఒక మాంసకృత్తు దీనికి మూలం. పిల్లి రోజంతా తన ఒంటిని నాకి శుభ్రం చేసుకుంటుంది. ఆ లాలాజలం ఎండి, సూక్ష్మమైన రేణువులుగా గాలిలో తేలుతుంది, బట్టలకు, తెరలకు, తివాచీలకు పట్టుకుంటుంది. పిల్లిని ఇంటి నుండి పంపివేసినా ఆ రేణువులు నెలల తరబడి ఇంట్లో మిగిలి ఉంటాయని కూడా ఆయన చెప్పారు.

ఈ మాటలు విన్నప్పుడు నాకు ఏళ్ల తరబడి బోధిస్తున్న ఒక హదీసు స్ఫురించింది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారికి ఆయన కోడలు కబ్షా వుజూ నీళ్లు సిద్ధం చేశారు. ఒక పిల్లి వచ్చింది. ఆయన పాత్రను వంచి దానికి నీళ్లు అందించారు. కోడలు ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అపరిశుద్ధమైనది కాదనీ, అది మన ఇళ్లలో మన మధ్య తిరుగాడే ప్రాణుల్లో ఒకటనీ దైవప్రవక్త (స) సెలవిచ్చిన విషయాన్ని ఆమెకు తెలియజేశారు. అబూ దావూద్, తిర్మిజీ మున్నగు గ్రంథాల్లో ఈ ఉల్లేఖనం ఉంది. పిల్లి ముట్టిన నీరు పరిశుద్ధమే అయినా, వేరే నీరు అందుబాటులో ఉన్నప్పుడు దానితో వుజూ చేయడం స్వల్పంగా అవాంఛనీయమని హనఫీ ధర్మవేత్తల్లో ప్రసిద్ధమైన అభిప్రాయం.

ఏ లాలాజలాన్ని షరీఅత్ అపరిశుద్ధం కాదన్నదో, ఆ లాలాజలమే నా ఊపిరిని బిగిస్తున్నది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. పరిశుద్ధత వేరు, హాని వేరు. తేనెలో స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్ తెలిపింది. అంతమాత్రాన మధుమేహ రోగి గిన్నెడు తేనె తాగడు. వేరుశనగ ధర్మసమ్మతమైన ఆహారమే, కాని అది పడని బిడ్డకు ఒక్క గింజ ప్రాణాంతకం కావచ్చు. ఒక వస్తువు ధర్మసమ్మతం అన్నంత మాత్రాన అది ప్రతి శరీరానికీ సరిపడుతుందని అర్థం కాదు.

నా పరిస్థితి తెలిసినవారు రెండు రకాల సలహాలు ఇచ్చారు. "మౌలానా సాబ్, గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేయండి, అదే బతుకుతుంది" అన్నారు ఒకరు. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కునేందుకు వదలనూ వదలక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఏళ్ల తరబడి మనిషి చేతి ముద్దకు అలవాటుపడిన ముసలి పిల్లిని వీధికుక్కల మధ్య వదలడం, దానిని విడిచిపెట్టడం అనిపించుకోదు. మనం దానిని మనపై ఆధారపడేలా చేశాం, ఆ బాధ్యత గోనెసంచితో తీరదు.

"పిల్లిని ప్రేమించడం ఈమాన్‌లో భాగం కదా, సహించండి" అన్నారు మరొకరు. ఈ వాక్యం హదీసుగా ప్రచారంలో ఉన్నా, హదీసువేత్తలు దానిని కల్పితమని తేల్చారు. దైవప్రవక్త (స) కు ముయిజ్జా అనే పిల్లి ఉండేదనీ, నిద్రిస్తున్న దానిని లేపలేక ఆయన తన వస్త్రపు అంచును కత్తిరించారనీ చెప్పే కథ కూడా ప్రామాణిక హదీసు గ్రంథాల్లో కనబడదు. హజ్రత్ అబూ హురైరా (రజి) గారికి పిల్లిపిల్ల కారణంగానే ఆ పేరు వచ్చిన మాట నిజం. మూగజీవాల పట్ల దయ చూపడం పుణ్యకార్యమన్నది నిజం. కాని పిల్లిని పెంచడం విధి కాదు. రోగి నోరు మూయించడానికి దయను గురించిన బోధనలను వాడుకోవడం సరికాదు. నీ శరీరానికి కూడా నీపై హక్కు ఉందని ప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గారికి బోధించారు కదా!

ఆ విధంగా మా ఇంట మూడు హక్కులు ఎదురెదురుగా నిలిచాయి. నా శరీరపు హక్కు, నా శ్రీమతి మనసు హక్కు, నోరులేని ప్రాణి హక్కు. ఇంటి యజమానిగా ఒక్క మాటతో తేల్చివేయవచ్చు. కాని తల్లి పాలు మాన్పించే విషయంలో సైతం దంపతులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని అల్ బఖరా సూరాలోని 233వ ఆయత్ సూచిస్తున్నది. పసిబిడ్డ పాల విషయంలోనే సంప్రదింపు అవసరమైతే, తల్లి జ్ఞాపకంగా మిగిలిన ఒక ప్రాణి విషయంలో అవసరం కాదా? ఒకరికి హాని కలిగించరాదు, హానికి ప్రతిగా హాని తలపెట్టరాదు అన్న ధర్మసూత్రం ఇద్దరికీ వర్తిస్తుంది.

ఒక రాత్రి ఇషా నమాజు అనంతరం కూర్చుని మాట్లాడుకున్నాం. నేను నా బాధను దాచలేదు, పెంచీ చెప్పలేదు. ఆమె చాలాసేపు మౌనంగా విని ఇలా అన్నది: "ఏమండీ, డాక్టరు గారు చెప్పినవన్నీ చేసి చూద్దాం. ఒక్క రాత్రి మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చినా, మర్నాడే దీనిని మా చెల్లెలి ఇంటికి పంపిస్తాను. ఆ మాట నేనే అంటున్నాను, మీచేత అడిగించుకోను." ఆమె చెల్లెలి ఇంట పెరడు ఉంది, పిల్లులంటే ప్రాణమిచ్చే పిల్లలున్నారు. ఆ రోజే ఫోను చేసి వారి సమ్మతి కూడా తీసుకున్నది.

ఆ తర్వాత ఇంటి అమరిక మారింది. పడకగదిలోకి చాందీకి ప్రవేశం లేదు, తలుపు పగలు కూడా మూసే ఉంటుంది. ముందుగదిలోని తివాచీ చుట్టి తీసివేశాం. దళసరి తెరల స్థానంలో పలుచని నూలు తెరలు వచ్చాయి. చీపురు రేణువులను గాలిలోకి లేపుతుంది గనుక తడిగుడ్డతో నేల తుడుస్తున్నాం. పక్కదుప్పట్లు, దిండు గలేబులు వారానికొకసారి బాగా వేడినీళ్లలో ఉతుకుతున్నాం. చాందీకి దువ్వెన పెట్టడం డాబా మీదనే. అది అయ్యాక నా శ్రీమతి చేతులు కడుక్కుని, దుపట్టా మార్చుకుని గానీ లోపలికి రాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది జానమాజు. పిల్లులకు మెత్తని జానమాజు మీద పడుకోవడం మహా ఇష్టం. సజ్దాలో నుదురుతోపాటు ముక్కు కూడా నేలకు ఆనించాలి. పిల్లి పడుకున్న జానమాజు మీద సజ్దా చేయడమంటే, ఆ రేణువులను నేరుగా ముక్కులోకి పీల్చడమే. ఫజ్ర్ వేళ తుమ్ములకు ప్రధాన కారణం బహుశా అదే. ఇప్పుడు నా జానమాజు సన్నని నూలుగుడ్డది, దాని చోటు బీరువాలో.

మందుల విషయంలోనూ అశ్రద్ధ లేదు. ముక్కులో కొట్టే మందు రోజూ, ఊపిరి తిత్తులకు పీల్చే మందు వైద్యుడు చెప్పిన లెక్కలో వాడుతున్నాను. రమజాన్ రాకముందే ఆయనను కలిసి, ఆ మోతాదులను సహరీకి, ఇఫ్తార్ అనంతరానికి సర్దించుకున్నాను. మన హనఫీ ఉలమాల్లో అధికుల అభిప్రాయం ప్రకారం ఇన్‌హేలర్ వాడితే ఉపవాసం భంగమవుతుంది. అరబ్బు పండితుల్లో పలువురు భంగం కాదన్నారు. ఏ అభిప్రాయాన్ని అనుసరించేవారైనా, పగటిపూట ఊపిరి ఆడకపోతే తక్షణం మందు పీల్చాలి. రోగికి ఇతర దినాల్లో ఉపవాసాలు పూర్తి చేసుకునే వెసులుబాటును అల్లాహ్‌యే ప్రసాదించాడు. ఉబ్బసాన్ని ఓర్పుకు పరీక్షగా భావించి మందు మానేయడం ధర్మనిష్ఠ కాదు.

తుమ్ములు పూర్తిగా పోలేదు. తుమ్మి "అల్‌హమ్దులిల్లాహ్" అంటే వంటగది నుండి "యర్హముకల్లాహ్" అన్న జవాబు వస్తుంది. రెండోసారీ వస్తుంది, మూడోసారీ వస్తుంది. నాలుగో తుమ్ముకు మాత్రం జవాబుకు బదులు ఆమే వచ్చి, మందు వేసుకున్నారా అని అడుగుతుంది. పదేపదే తుమ్మిన వ్యక్తిని జలుబు చేసినవాడిగా దైవప్రవక్త (స) పేర్కొన్న హదీసు ఆమెకూ తెలుసు మరి. రాత్రి పిల్లికూతలు తగ్గాయి, వైద్యుడు ఊదించి చూసే పరీక్షలో ఊపిరి మెరుగ్గా ఉంది. చెల్లెలి ఇంటి ఒప్పందం ఇప్పటికీ అమల్లోనే ఉంది.

మా ఏర్పాటు అందరికీ సరిపడాలని లేదు. మందులు వాడుతున్నా ఆయాసం తగ్గనివారి ఇంట, చిన్నబిడ్డకు ఉబ్బసం ఉన్న ఇంట, పిల్లికి మరో మంచి చోటు వెదకడమే న్యాయం. అది పిల్లికి ద్రోహం కాదు. ముఖ్యంగా అత్తవారింట అడుగుపెట్టిన కొత్తకోడలు తుమ్ముతూ ఉంటే, "మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరికీ లేని జబ్బు నీకెలా వచ్చింది?" అని తీసిపారేయకండి. ఆమెను వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. అలాగే, ఇంట్లో ఎవరో ప్రేమగా పెంచుకున్న ప్రాణిని వారు లేని సమయం చూసి మాయం చేయకండి. ఆ గాయం మనసులో చాలాకాలం మానదు.

దంపతుల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని తన సూచనగా పేర్కొన్న అల్లాహ్, మన ఇళ్లలో ఒకరి ఊపిరి గురించి ఒకరు ఆలోచించే మనసును, నోరులేని ప్రాణుల హక్కును మరువని బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.