పన్నెండు రోజుల సఫర్

చలి దేశంలో ఓడ ఎక్కాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఓడ కాదు, నెల. ఇషా చదివాక రోజూ ఒక గంట చొప్పున రెండు నెలలు ఈ లెక్కలే చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

మా తమ్ముడు నార్వేలో, స్టావెంగర్‌లో ఉద్యోగం చేస్తాడు. వెళ్లి పద్నాలుగేళ్లయింది. నాలుగేళ్ల కింద అబ్బా ఇంతెఖాల్ అయినప్పుడు వాడు రాలేకపోయాడు. మన దగ్గర మయ్యిత్‌ని ఆపరు కదా. ఫజర్‌కి పోయిన మనిషిని అసర్‌కల్లా మట్టి చేసేశాం. వాడు రెండు విమానాలు మారి రావాలి. జనాజా నమాజ్ మా అల్లుడు పట్టుకున్న ఫోన్‌లోనే చూశాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తం, వాడూ ఎత్తడు. ఈ ఏడాది ఈద్ తర్వాత ఫోన్ చేసి, "భాయ్, అమ్మీని ఇక్కడికి తీసుకురా. నార్వే ఒడ్డు వెంబడి ఓడలో తిప్పుదాం. ఖర్చంతా నాది. ఏ ఓడ, ఏ దారి, ఎప్పుడు అనేది నువ్వు చూడు. అఖ్బార్‌వాడివి, తహ్‌ఖీఖ్ నీ పనే" అన్నాడు.

అమ్మీకి డెబ్బై ఒకటి. మోకాళ్లు సతాయిస్తాయి. షుగర్ ఉంది. కడప దాటి ఆమె చేసిన పెద్ద సఫర్ ఉమ్రా ఒక్కటే.

మొదట హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్‌ని అడిగాను. అతను పంపిన కాగితాల్లో ఓడలు ఓడల్లా లేవు, నీళ్ల మీద తేలే షాపింగ్ మాల్స్‌లా ఉన్నాయి. మూడు నాలుగు వేల మంది జనం, ఈత కొలనులు, కేసినో, అంతస్తుకో బార్. మాటిమాటికీ 'ఫుల్ ఎంటర్‌టైన్‌మెంట్ సార్' అంటాడు. అమ్మీ తస్బీహ్ పట్టుకుని కేసినో ముందునుంచి లిఫ్ట్‌కి నడిచి వెళ్తున్నట్టు ఊహించుకుని ఆ కాగితాలు పక్కన పెట్టేశాను.

నార్వేలోనే ఇంకో రకం ఓడలున్నాయి. 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ వెస్టెరాలెన్ అనే పొగ ఓడతో ఈ దారి మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఉత్తరాది ఊళ్లకు చలికాలంలో ఉత్తరం చేరాలంటే నెలలు పట్టేది. ట్రాండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్ దాకా టపా, సరుకు, మనుషులు కలిసి వెళ్లే ఓడ అది. దాన్నే హుర్టిగ్రుటెన్ అన్నారు, అంటే త్వరగా వెళ్లే దారి అని. ఇప్పటికీ ఆ దారి నడుస్తోంది. దక్షిణాన బెర్గెన్‌లో బయలుదేరి, రష్యా సరిహద్దు దగ్గరున్న కిర్కెనెస్ దాకా వెళ్లి, మళ్లీ బెర్గెన్‌కి వస్తుంది. 34 రేవులు, పోనూ రానూ పన్నెండు రోజులు, అందులో రాత్రులు పదకొండు. మన ఆర్డినరీ బస్సులాగే కొన్నిచోట్ల పావుగంట ఆగి, పెట్టెలు దించి, ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకుని పోతుంది. అర్ధరాత్రి రెండింటికి ఆగే రేవులు కూడా ఉన్నాయి. పక్క ఊళ్లో పనుండి ఒక పూట ప్రయాణానికి టికెట్ కొన్నవాళ్లు, పన్నెండు రోజులకు డబ్బు కట్టిన మనలాంటి వాళ్లు అందరూ ఒకే ఓడలో.

ఇది అమ్మీకి చెప్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "సామాన్ భీ లేజాతే క్యా ఉస్మే?"

సరుకులు కూడా వేస్తారు అన్నాను. ఆమె మొహంలో కళ వచ్చింది. 1967లో మా నానా బొంబాయి నుంచి మొఘల్ లైన్ వాళ్ల ఓడలో హజ్‌కి వెళ్లాడు. అప్పుడు అమ్మీకి పన్నెండేళ్లు. బియ్యం, ఊరగాయ, ఎండు రొట్టెలు, అన్నిటి అడుగున మడిచి పెట్టుకున్న కఫన్ గుడ్డ, ఇవన్నీ ఒకే ట్రంకు పెట్టెలో సర్దడం ఆమె చూసింది. జెద్దా చేరడానికి వారం పైనే పట్టేది. వచ్చేటప్పుడు మూతకు సీసం పోసి అతికించిన జంజం డబ్బాలు తెచ్చాడట. బొంబాయి నుంచి ఆ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఓడ అంటే మా ఇంట్లో ఆ ఓడే. పని ఉండి వెళ్లే ఓడ. అందుకే ఆ ప్రశ్నతోనే సగం ఫైసలా అయిపోయింది.

ఇక నెల. తమ్ముడిది డిసెంబర్ జిద్దు. ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు, అదే నార్దర్న్ లైట్స్, అప్పుడు బాగా కనిపిస్తాయని. రాత్రి పొడుగు కాబట్టి నిజమే. కానీ మరీ పొడుగు. ట్రోమ్సోలో నవంబర్ నెలాఖరు నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు దిగంతం మీదికి రానే రాడు. మధ్యాహ్నం పూట కాసేపు నీలంగా సంధ్య వెలుగు ఉంటుందంతే. అమ్మీకి చెప్పాను. ఆమె ముప్పై ఏళ్లుగా ఇష్రాఖ్ వదలని మనిషి. "సూరజిచ్ నై నికల్తా తో ఇష్రాఖ్ కబ్ పఢూఁ?" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేక మా మొహల్లా మౌలానా దగ్గరికి వెళ్లాను. అలాంటి చోట్ల దగ్గర్లో రాత్రీ పగలూ సరిగ్గా తేలే ఊరి వేళల్ని పట్టుకోవడం ఒక పద్ధతి, మక్కా వేళల్ని పట్టుకోవడం ఇంకో పద్ధతి, ఉలమాలు రెండూ చెప్పారు అన్నాడు. తప్పేమీ లేదు. జూన్‌లో వెళ్తే దీనికి తలకిందులు, సూర్యుడు అస్తమించడు, మగ్రిబ్ ఎప్పుడో లెక్క కట్టుకోవాలి. ఫిఖ్హ్‌లో దారి ఉంది సరే, తలుపు తీసి ఆకాశం చూసి వేళ తెలుసుకునే అలవాటున్న మనిషిని గడియారానికి కట్టేయడం ఎందుకు?

మార్చి 20, 21 ప్రాంతంలో భూమ్మీద ఎక్కడైనా పగలూ రాత్రీ దాదాపు సమానం. కడపలో పన్నెండు గంటల పగలైతే ఉత్తర ధ్రువవృత్తం దాటాక కూడా పన్నెండు గంటలే. సూర్యుడు ఉదయిస్తాడు, జుహర్, అసర్, మగ్రిబ్ వరసగా వస్తాయి. షఫక్ ఆరడం మాత్రం ఆలస్యమవుతుంది కాబట్టి ఇషాకి, ఫజర్‌కి అక్కడి వేళల పట్టిక చూసుకోవాలి. రాత్రి కూడా సరిపడా చీకటి ఉంటుంది, తమ్ముడి ఆకుపచ్చ వెలుగులకు అడ్డమేమీ లేదు. ఆపైన అల్లా మర్జీ, మబ్బుల మర్జీ. సెప్టెంబర్ చివర కూడా ఇదే హిసాబ్ కుదురుతుంది కానీ శరత్కాలం తుపానులు మొదలయ్యే కాలం. మార్చి అంటే నాకు రంజాన్ భయం పట్టుకుంది. చూస్తే 2027లో ఈద్ మార్చి 10 ప్రాంతంలో పడుతోంది. ఇంట్లో ఈద్ చేసుకుని, శీర్‌ఖుర్మా తాగి, మూడో వారంలో ఓడ ఎక్కొచ్చు. (ఒకటి గుర్తు పెట్టుకోవాలి: మార్చి 28 ఆదివారం ఐరోపాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. ఆ రోజు పట్టిక మొత్తం ఒక గంట దూకుతుంది.)

నమాజ్ గురించే ఇంకో మాట. ఓడలో అందరం ముసాఫిర్‌లమే, నాలుగు రకాతుల ఫర్జ్ రెండే. ఓడ మలుపు తిరిగితే నమాజ్‌లో ఉన్నవాళ్లు కూడా ఖిబ్లా వైపు తిరగాలి. జీవితమంతా పడమరకు తిరిగి సజ్దా చేసినవాళ్లం. అక్కడ ఖిబ్లా దక్షిణానికి, కాస్త తూర్పుగా. అంటే వెళ్లేటప్పుడు దాదాపు ఓడ వెనక వైపుకి, వచ్చేటప్పుడు ముందు వైపుకి చదవాలన్నమాట. ఇది చెప్తే అమ్మీ చాలాసేపు నవ్వింది.

తిండి సంగతి తొందరగా తేలింది. నార్వేలో జంతువుని స్పృహ తప్పించకుండా జబహ్ చేయడానికి చట్టం ఒప్పుకోదు, దాని మీద మనవాళ్లలో తలో మాట. ఓడలో పంది మాంసం కూడా వండుతారు. కాబట్టి చేపలు, గుడ్లు, కూరగాయలు. ఆ నెలల్లోనే కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఉత్తర ధ్రువం దిక్కు నుంచి లొఫోటెన్ దీవులకు వస్తాయి, స్క్రే అంటారు, వాళ్లకు అది మన పులస లెక్క. కిర్కెనెస్‌లో రాజ పీతలు ప్రసిద్ధి. హనఫీలం కాబట్టి ఆ ఖర్చు మిగిలింది. కారప్పొడి అమ్మీ చూసుకుంటుంది.

చివరికి నేను తమ్ముడితో పోట్లాడింది దారి దగ్గర. వాడు పన్నెండు రోజులూ కావాలంటాడు. నేను వద్దన్నాను. నా దగ్గర కారణాలున్నాయి. ఈ దారి చాలామటుకు దీవుల చాటున పోతుంది, కానీ కొన్నిచోట్ల చాటు ఉండదు. మోలాయ్ దాటాక స్టాడ్ అనే ముక్కు ఉంది, మోల్డే దాటాక హుస్టాడ్‌వికా. 2019 మార్చిలో సరిగ్గా ఆ హుస్టాడ్‌వికాలోనే ఒక పెద్ద క్రూయిజ్ ఓడ తుపానులో ఇంజన్లు ఆగిపోయి రాళ్ల వైపు కొట్టుకుపోయింది, దాదాపు 480 మందిని హెలికాప్టర్లతో ఒక్కొక్కరినీ పైకి లాగారు. ప్రాణాలు పోలేదు, అల్హమ్దులిల్లా. ఆ రెండూ తప్పించుకోవాలంటే ట్రాండ్‌హైమ్ దాకా రైల్లో వెళ్లి అక్కడ ఎక్కొచ్చు. నాలుగు రాత్రుల్లో కిర్కెనెస్, అక్కడినుంచి విమానం. ధ్రువవృత్తం, లొఫోటెన్, ట్రోమ్సో, నార్డ్‌కాప్ పక్కనున్న హోనింగ్‌స్వాగ్, చూడాల్సినవన్నీ అందులోనే. ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. తమ్ముడు వెళ్లేటప్పుడు రాత్రి దాటేసిన ఊళ్లు వచ్చేటప్పుడు పగలు కనిపిస్తాయి కదా అన్నాడు. అదీ నిజమే, ఆ టైమ్‌టేబుల్ పద్ధతే అది. కానీ మోకాళ్లకు ఊళ్లతో ఏం పని అన్నాను.

వీడియో కాల్‌లో ఇద్దరం గొంతులు పెంచుతుంటే అమ్మీ మధ్యలో వచ్చింది. నాలుగు రాత్రులదీ పదకొండు రాత్రులదీ రెండూ చెప్పాను. అలల సంగతి, హెలికాప్టర్ల సంగతి దాచకుండా చెప్పాను.

"పన్నెండు రోజులూ వీడు నాతోనే ఉంటాడా? మధ్యలో ఆఫీసూ, ససురాలూ ఏమీ ఉండవా?"

సముద్రంలో ఎక్కడికి పోతాడమ్మీ అన్నాను.

పద్నాలుగేళ్లలో వాడు కడప వచ్చిందే ఆరుసార్లు. ఏనాడూ పది రోజులు మించలేదు, అందులో సగం కర్నూల్‌లో అత్తగారింట్లో. అబ్బా పోయాక వచ్చినప్పుడు ఖబ్రస్తాన్‌కి ఒంటరిగా వెళ్లొచ్చి, మూడు రోజులు మాట్లాడకుండా తిరిగి వెళ్లిపోయాడు.

"అయితే పెద్దదే" అంది అమ్మీ. నాతో, "అవొమిన్ గోలీలు రెండు షీట్లు తీసుకో" అంది. ఫోన్‌లో వాడు తల పక్కకి తిప్పుకున్నాడు. నా తహ్‌ఖీఖ్ అంతా అక్కడితో సరి.

మిగిలినవి చిన్న పనులు. 2021 నుంచి ఈ దారిలో రెండు కంపెనీలు నడుపుతున్నాయి. పాత హుర్టిగ్రుటెన్‌వి ఏడు ఓడలు, హవిలా వాళ్లవి నాలుగు. పదకొండు రాత్రుల చుట్టుకి పదకొండు ఓడలు, అందుకే రోజూ ఒకటి కదులుతుంది. కాబట్టి ఇక్కడ ఓడని ఎంచుకోవడమంటే తారీఖుని ఎంచుకోవడమే. మాకు కుదిరిన తారీఖున హవిలా ఓడ పడింది. కొత్తవి, గ్యాస్‌తో నడుస్తాయి, పెద్ద బ్యాటరీలు కూడా ఉన్నాయి, కాసేపు ఇంజన్ చప్పుడు లేకుండా పోతాయట. కేబిన్ పై అంతస్తులో అందంగా ఉంటుంది కానీ ఊగుడు ఎక్కువ. ముందు కొసన ఉంటే ప్రతి రేవులో చప్పుడుకి నిద్ర ఉండదు. కింద, ఓడ నడుమ తీసుకున్నాం, లిఫ్ట్‌కి దగ్గరగా. ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఒడ్డు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు. పోనూ రానూ కొన్నాం కాబట్టి ఏ పక్కన ఉన్నా సగం ఒడ్డు, సగం సముద్రం.

రెండు కేబిన్లు. ఒకదాంట్లో నేనూ మా ఆవిడా. రెండోదాంట్లో అమ్మీ, తమ్ముడు.