దీపాల ఊరేగింపులో ఒక ఫ్రెంచి బాణీ!

లాస్ ఏంజెలిస్ దగ్గర ఆనహైమ్ అనే ఊళ్ళో ఉంది డిస్నీలాండ్. 2022 వేసవిలో మేం వెళ్ళేసరికే అక్కడి మెయిన్ స్ట్రీట్‌లో జనం పేవ్‌మెంట్ల మీద చతికిలబడి ఉన్నారు. ఉన్నట్టుండి వీధిదీపాలు ఆరిపోయాయి. అంతే! టింగుటింగుమంటూ ఎలక్ట్రానిక్ సంగీతం... ఒళ్ళంతా బల్బులు తగిలించుకున్న రైలు, నత్తలు, తాబేళ్ళు, డ్రాగన్! పిల్లలకంటే పెద్దలే ఎక్కువ గంతులేశారు. ఈ ట్యూన్ ఎవరిదని పక్కనున్న నలుగురిని అడిగాను. “డిస్నీ వాళ్ళదే కదా” అన్నారు.

కాదండీ! దాని పేరు ‘బరోక్ హోడౌన్’. 1967లో రికార్డుగా వచ్చింది. కట్టింది గెర్షన్ కింగ్స్‌లీ, జాన్ జాక్ పెరే.

ఈ పెరే 1929లో ఉత్తర ఫ్రాన్స్‌లో పుట్టాడు. పారిస్‌లో డాక్టరీ చదువుతుండగా జార్జ్ జెన్నీ అనే ఆయన తయారుచేసిన ‘ఆండియోలిన్’ వాద్యం విన్నాడు. ఇంకేముంది, చదువు అటకెక్కింది! చిన్న కీబోర్డు, లోపల రేడియో వాల్వులు. మెట్టు నొక్కి వేలిని అటూ ఇటూ ఊపితే స్వరం వణుకుతుంది. మన గమకం లాగా అన్నమాట. ఎడంచేత్తో పియానో, కుడిచేత్తో ఆండియోలిన్ వాయిస్తూ యూరప్ అంతా తిరిగాడు. గాయని ఎడిత్ పియాఫ్ చేయూతనివ్వడంతో 1960లో న్యూయార్క్ చేరాడు.

అక్కడ మనవాడి ఆయుధాలు కత్తెర, టేపు. తేనెటీగల రొద రికార్డు చేసి, ఒక్కో స్వరానికి ఒక్కో టేపు ముక్క కోసి అతికించి, రిమ్‌స్కీ కోర్సకోవ్ కట్టిన తుమ్మెద సంగీతాన్ని నిజం తేనెటీగల చేతే పాడించాడు! ఇవాళ కంప్యూటర్‌లో అది చిటికెలో పని. కానీ ఆ చిలిపితనం వస్తుందా? నాకైతే నమ్మకం లేదు.

1970లో పెరే ఫ్రాన్స్ తిరిగి వెళ్ళిపోయాడు. 1972 జూన్‌లో డిస్నీలాండ్‌లో ఈ ఊరేగింపు మొదలైంది. వేలాదిమంది రాత్రుళ్ళు ఆ బాణీకి చప్పట్లు కొడుతుంటే కట్టినవాడికి కబురే లేదు! 1980లో డిస్నీలాండ్ చూడబోతే గాని తన బాణీ అక్కడ ఊరేగుతోందని అతనికి తెలియలేదు. ఎనిమిదేళ్ళు! సినిమా టైటిల్స్‌లో పేరు చిన్నదైందని అలిగే వాళ్ళున్నారు మనకి. ఇతనికి ఆ పాటి అక్షరాలు కూడా దక్కలేదు.

2016లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కన్నుమూశాడు పెరే. అయితే అంతకు చాలాముందే, 1992లో, పారిస్ శివార్లలో డిస్నీ పార్కు తెరిచారు. ఊరేగింపు అక్కడికీ వచ్చింది. ఎక్కడైతే డాక్టరీ వదిలేశాడో ఆ ఊరి పొలిమేరకే బాణీ బల్బులు కట్టుకుని చేరింది. అప్పటికి పెరేకి 63 ఏళ్ళు.