పొదిలి దారిలో గిటార్ పాట

ఒంగోలులో కర్నూలు రోడ్డెక్కి పడమటికి బయల్దేరితే చీమకుర్తి దగ్గర నల్లరాతి క్వారీలు పలకరిస్తాయి. నల్లటి రాయిలో చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఇక్కడిదే. అది దాటితే ఎర్రనేల. కంది చేలు, మిరప, అక్కడక్కడా పత్తి, మధ్యమధ్య పొగాకు బ్యారన్లు. ఒంగోలు నుంచి సుమారు 50 కిలోమీటర్లకు పొదిలి.

“అక్కడ చూడ్డానికేముంది గురూ!” అంటారా? నిజమే, ఊటీలా డ్యూయెట్లు తీసే ఊరు కాదు. 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న తాలూకా కేంద్రం. పెద్ద చెరువుంది, పొగాకు వేలం కేంద్రం ఉంది. వేలం రోజుల్లో బేళ్లు దింపుకుని రైతులు ధర కోసం ఎదురుచూసే దృశ్యం చూసి తీరాలి. మొదటాట టిక్కెట్టు దొరుకుతుందా లేదా అని మనం పడే ఆత్రం దాని ముందు ఏపాటిది!

కానీ వాన మొహం చాటేసిన ఏడు ఈ పడమటి ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు కొందరు, హైదరాబాదు, బెంగళూరులకు బేల్దారి పనులకు కొందరు. ఇంటి దగ్గర మిగిలేది ముసలాళ్లే.

అలాంటి ఇంటి కుర్రాడే బస్సులో నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో గిటార్! మన సినిమాల్లో గిటార్ అంటే పుట్టినరోజు పార్టీలో హీరో పట్టుకునే వస్తువు కదా. వాయించమని అడిగితే ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ అందుకున్నాడు. చెప్పొద్దూ, చిల్లర లెక్కపెట్టుకుంటున్న కండక్టరు కూడా ఆగి విన్నాడు.

“నీ సొంత పాట లేదా?” అన్నాను.

“సగం కట్టి వదిలేశా సార్. మా నాయన బేల్దారి పనికి బెంగళూరు పోయాడు. నేనూ అక్కడే కంప్యూటర్ పనిలో చేరా. పండక్కొచ్చి పండక్కి పోయేవాణ్ణి... ఊరి మీద పాట కట్టే హక్కు నాకెక్కడిది?”

ఆ మాటకు జవాబు అతను వాయించిన పాటలోనే ఉంది. పాఠక మిత్రులారా, ఆ కథ వినండి.

బిల్ డానాఫ్, టాఫీ నివర్ట్ అని ఇద్దరు జంట గాయకులు. 1970లో చుట్టాలింటికని మేరీలాండ్ రాష్ట్రంలో క్లాపర్ రోడ్డు మీద కారులో పోతుంటే, ఆ వంపుల దారి చూసి డానాఫ్‌కి పాట తట్టింది. పాటలో పేరు వెస్ట్ వర్జీనియాది. చిత్రమేమిటంటే, అప్పటికి వాళ్లు ఆ రాష్ట్రంలో అడుగే పెట్టలేదు! మసాచుసెట్స్‌లో పెరిగిన డానాఫ్ చిన్నప్పుడు రేడియోలో ఆ రాష్ట్రపు స్టేషను వినేవాడు. మన పెద్దవాళ్లు రేడియో సిలోన్ విని, చూడని కొలంబోని ఊహించుకోలేదూ? అలాగన్నమాట.

ఆ డిసెంబరు ఆఖర్లో వాషింగ్టన్‌లోని సెల్లార్ డోర్ క్లబ్బులో జాన్ డెన్వర్ కచేరీ. ఆట ముగిశాక కారు ప్రమాదంలో అతని బొటనవేలు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, నేరుగా వీళ్ల ఇంటికొచ్చాడు. సగంలో ఉన్న పాట విని లేచి కూర్చున్నాడు. ముగ్గురూ తెల్లవారేదాకా దాన్ని పూర్తిచేశారు. మర్నాడు రాత్రే అదే క్లబ్బులో పాడితే జనం లేచి నిలబడి చప్పట్లు! 1971లో అమెరికా పట్టికలో రెండో స్థానానికి చేరింది. 2014లో వెస్ట్ వర్జీనియా దాన్ని తన అధికారిక గీతాల్లో చేర్చుకుంది. చూడనివాళ్లు కట్టిన పాటను ఆ ఊరివాళ్లే మాదన్నారు!

ఎందుకంటారు? ఊరి పేరు అరువుదే కావచ్చు, ఇంటి మీద బెంగ మాత్రం సొంతం. ఊళ్లు పట్టుకు తిరిగే గాయకులకు ఆ బెంగ ఒకరు నేర్పాలా?

మరి మన గోరటి వెంకన్న సంగతి? ఆయనది వేరే దారి. పాలమూరు పల్లెలో పుట్టి పెరిగి, చేతివృత్తులు చితికిపోవడం కళ్లారా చూశాడు. 2002లో ‘కుబుసం’ సినిమాలో పల్లె కన్నీటి మీద ఆయన పాట విని థియేటర్లో కళ్లు తుడుచుకున్నవాళ్లు ఎందరో! ఆయన పాటలో మనిషి, పనిముట్టు, చెట్టు, పిట్ట అన్నీ పేరుతో సహా ఉంటాయి.

ఈ రెండు దారులూ కలిసేది మన బస్సు కుర్రాడి దగ్గరే. దూరాన్నుంచి పడే బెంగా ఉంది, దగ్గర్నుంచి చూసిన బతుకూ ఉంది. ఇంక హక్కు లేదనడమేమిటి? పోయినవాడికే కదా దారి విలువ తెలిసేది! ఈ మాటే అతనితోనూ అన్నాను. నవ్వి, “మా నాయన తాపీ కూడా పాటలో పెట్టొచ్చంటారా?” అన్నాడు.

పెట్టమన్నాను. తాపీ పెట్టు, బ్యారన్ పొగ పెట్టు, తాళం పడ్డ తలుపు పెట్టు. ఆర్కెస్ట్రా లేకపోయినా ఫరవాలేదు. ‘కంట్రీ రోడ్స్’ వాయించడానికి జి, ఇ మైనర్, డి, సి... ఈ నాలుగు కార్డులొస్తే దాదాపు చాలు.

పొదిలి బస్టాండులో అతను దిగేసరికి సాయంత్రమైంది. మీరెప్పుడైనా సంక్రాంతి ముందు ఆ దారిన వెళ్తే బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. ఒళ్లో గిటార్ ఉన్నవాడు కనిపిస్తే, సినిమా పాట కాదు, వాడి సొంత పాట పాడమని అడగండి. ఈపాటికి పూర్తయ్యే ఉంటుంది!