ఏ నుంచి ఈ దాకా

అప్రైజల్ రేటింగులు మన ఐటీ వాళ్ళు కనిపెట్టినవే అనుకునేవాణ్ణి నేను. కాదట. 1888లోనే అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళకి ఏ నుంచి ఈ దాకా ఐదు గ్రేడులు పెట్టారు. ఏ గ్రేడుకి ఏడాదికి 2,500 డాలర్లు, ఈ గ్రేడుకి 1,500. అంతకు మించి ఇవ్వకూడదు. పైగా గ్రేడు వేసేటప్పుడు ఆటొక్కటే కాదు, మైదానం బయట నడవడిక కూడా చూస్తారు. (మన 'యాటిట్యూడ్' కాలమ్ గుర్తొచ్చిందా?)

దీనిమీద తిరగబడ్డ మనిషి జాన్ మాంట్‌గోమరీ వార్డ్. 1860లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. 1878కల్లా ప్రావిడెన్స్ జట్టులో పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు. మరుసటి ఏడాది 47 మ్యాచులు గెలిపించాడు. 1880 జూన్ 17న బఫెలో జట్టు 27 సార్లు బ్యాటింగుకొస్తే 27 సార్లూ అవుట్, ఒక్కడు కూడా మొదటి బేస్ చేరలేదు. తర్వాత కుడిచెయ్యి పాడైంది. నేనైతే అక్కడితో సర్దుకునేవాణ్ణి. ఈయన ఎడమచేత్తో విసరడం నేర్చుకుని ఫీల్డింగులోకి మారాడు, ఆడుతూనే 1885లో కొలంబియాలో లా పూర్తిచేశాడు. ఆ ఏడాదే ఆటగాళ్ళకి సంఘం పెట్టాడు.

ఆయన గొడవంతా 'రిజర్వ్ క్లాజ్' గురించి. ఒప్పందం ముగిసినా ఆటగాడు ఆ క్లబ్బు సొత్తే, ఇంకోచోటికి పోవడానికి లేదు. క్లబ్బు మాత్రం పది రోజుల నోటీసిచ్చి ఆటగాణ్ణి పంపెయ్యొచ్చు. నా మొదటి ఉద్యోగంలో నేనూ రెండేళ్ళ బాండు మీద సంతకం పెట్టాను, చదవకుండానే. వార్డ్ చదివాడు.

1887లో ఒక వ్యాసంలో దీన్ని పారిపోయిన బానిసల చట్టంతో పోల్చాడు. ఆ పోలిక నాకు నచ్చలేదు. నిజమైన బానిసత్వం పోయి అప్పటికి పాతికేళ్ళు కూడా కాలేదు, వీళ్ళేమో మిల్లు కూలీకంటే ఎన్నో రెట్లు సంపాదిస్తున్నారు. 'అంత జీతం తీసుకుంటూ ఏడుపేంటి' అని మనల్నీ అంటారు కదా, అదీ గుర్తొచ్చింది. కానీ జీతం ఎంతైనా క్లాజ్ క్లాజే.

వార్డ్ ప్రపంచయాత్రలో ఆడుతున్నప్పుడు ఇక్కడ గ్రేడులు పెట్టేశారు. ఆన్‌సైట్‌లో ఉండగా పాలసీ మారిందని మెయిలొచ్చినట్టు. తిరిగొచ్చాక, 1890లో, ఆటగాళ్ళే సొంతంగా ప్లేయర్స్ లీగ్ పెట్టుకున్నారు. పాత క్లబ్బు న్యూయార్కులో కేసేస్తే, ఒకరికి పది రోజులు, ఇంకొకరికి జీవితాంతమా అని జడ్జి కొట్టేశాడు.

కోర్టులో గెలిచాడు, డబ్బు దగ్గర ఓడిపోయాడు. సీజన్ అవగానే పెట్టుబడి పెట్టినవాళ్ళు ఆటగాళ్ళని పక్కనపెట్టి పాత యజమానులతో బేరం కుదుర్చుకున్నారు. ఒక్క ఏడాదికే లీగ్ మూత. వార్డ్ మళ్ళీ పాత లీగ్‌లోనే 1894 దాకా ఆడి, తర్వాత లాయరుగా ఆటగాళ్ళ తరఫున వాదించాడు. 1925లో పోయాడు. ఆ క్లాజ్ మీద దెబ్బపడింది 1975లో.

మొన్న నాకో ఆఫర్ లెటరొచ్చింది. పధ్నాలుగు పేజీలు. ఈసారి చదువుతున్నా. నేను మానెయ్యాలంటే తొంభై రోజులు, వాళ్ళు తీసెయ్యాలంటే ముప్ఫై. ఇంకా తొమ్మిదో పేజీలోనే ఉన్నాను.